8×42 బైనాక్యులర్, మూడు చలికాలాలు చిలికా మీద వాడాక

కంపెనీ పేరు అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను, పేరు రాయడం లేదు. బైనాక్యులర్ కొనేటప్పుడు చూడాల్సింది దాని ఒంటి మీద ఉండే రెండు అంకెలు. నాది 8×42. అంటే చూసేది ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 2022 నవంబరులో 11,800 రూపాయలకు కొన్నాను. అప్పటినుంచి ప్రతి చలికాలం నెలకు రెండుసార్లయినా ఒడిశాలో బరంపురం నుంచి రంభకు పోయి, చిలికా సరస్సు మీద పడవలో కూర్చుని దీంతో పక్షులను చూస్తున్నాను. అంత వాడాను కాబట్టి దీని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

నాకు బరంపురంలో ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేసే కొట్టు ఉంది. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం కొట్టు ముందు నిలబడి, ఆకాశంలో పోతున్న బాతుల వరుసను చూసి అడిగింది. "నాన్నా, అవి బాణం మొనలాగ ఎందుకు పోతాయి?" గాలి కోసమమ్మా అన్నాను. "ఏ గాలి? ముందు వచ్చేదా, వెనక వచ్చేదా?" అంది. నేను పొద్దున్నుంచి రాత్రి దాకా గాలిని తోసే రెక్కలతోనే పని చేస్తాను. అయినా ఆ రోజు దానికి జవాబు నా దగ్గర లేదు. ఆ ప్రశ్న కోసమే బైనాక్యులర్ కొనాలనుకున్నాను.

మొదట కొన్నది ఇది కాదు. ఆన్‌లైన్‌లో 2,300కి ఒక 10×50 తెప్పించాను. బొమ్మలో బ్రహ్మాండంగా ఉంది. చేతికి వచ్చాక చూస్తే రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడడం లేదు. కుడి కన్నుకు ఒక స్తంభం, ఎడమ కన్నుకు పక్కన ఇంకో స్తంభం. పది నిమిషాలు చూస్తే తలనొప్పి. వెలుగును మళ్లించే లోపలి పట్టకాలు కదిలిపోయి ఉంటాయి. రంభకు పోయి వచ్చేసరికి వాపసు గడువు ఏడు రోజులు దాటింది, అమ్మినవాళ్లు తీసుకోలేదు. కాబట్టి మీకు చెప్పేది ఒకటే, వస్తువు వచ్చిన రోజే పరీక్ష చేయండి. దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద ఫోకస్ పెట్టి, కళ్లు గట్టిగా మూసి తెరవండి. తెరిచిన మొదటి క్షణంలో రెండు స్తంభాలు కనబడి ఆ తర్వాత ఒకటయితే, ఆ వస్తువు మీకొద్దు. మీ కళ్లు దాని తప్పును లాగిపట్టి సరిచేస్తున్నాయి, అందుకే ఆ తలనొప్పి.

పది రెట్లున్నది ఎనిమిది కంటే మంచిది కదా అని చాలామంది అడుగుతారు. మేడ మీద స్టాండు పెట్టి చూస్తే కావచ్చు. పడవలో కాదు. వస్తువును ఎన్ని రెట్లు పెంచితే చేతి వణుకును కూడా అన్ని రెట్లు పెంచుతుంది. ఇంజిన్ ఆపినా నీళ్లు ఊపుతూనే ఉంటాయి. ఎనిమిదితో పక్షి కన్ను కనబడుతుంది, పదితో పక్షి గంతులు వేస్తున్నట్టు కనబడుతుంది. రెండో సంగతి వెలుతురు. 42ని 8తో భాగిస్తే 5.25. కంటి దగ్గరి అద్దం నుంచి బయటికి వచ్చే వెలుగు చుక్క వెడల్పు అది, మిల్లీమీటర్లలో. తెల్లవారుజామున మన కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది, ఆ చుక్క పెద్దదిగా ఉంటేనే పాప నిండుతుంది. జేబులో పట్టే 10×25 అయితే అది 2.5 మాత్రమే. పగటి పూట పనికొస్తుంది గానీ, పక్షులు కదిలే వేళకు అందులో మసకే.

మూడోది చూపు వెడల్పు. దీని పెట్టె మీద వెయ్యి మీటర్ల దూరంలో 129 మీటర్లు అని రాసి ఉంది. మూడు వందల మీటర్ల దూరంలో పోయే గుంపయితే దాదాపు 39 మీటర్ల వెడల్పు ఒకేసారి కంటికి అందుతుంది. ఎగిరే వరుసను చూడాలంటే ఇదే అసలు సంగతి. ఒక్క పక్షిని ఎంత పెద్దగా చూసినా వరుస ఎందుకు కట్టిందో తెలియదు. ముందుదీ, దాని వెనకదీ, ఆ వెనకదీ కలిపి చూడాలి.

రంభలో మాకు పడవ నడిపేది ఒక పెద్దాయన. గోపాల్‌పూర్ దగ్గరి మన తెలుగు బెస్తల ఇంటివాడు, ఇల్లరికం వచ్చి రంభలో ఉండిపోయాడు. మా అమ్మాయి తాత అంటుంది, నేను మామా అంటాను. తెల్లవారుజామున నాలుగింటికి బండి తీస్తే, గంజాం దగ్గర రుషికుల్య వంతెన దాటేసరికి చలి ఎముకలకు తగులుతుంది. చీకటి విడకముందే రేవులో ఉంటాం. ఒడ్డు దాటాక మామ ఇంజిన్ ఆపేసి గెడ వేస్తాడు. చిలికా లోతు చాలా చోట్ల మనిషెత్తు కూడా ఉండదు. ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే మొదట శబ్దం వస్తుంది, తర్వాతే పక్షులు.

మేం చూడ్డానికి పోయేది బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతును. తెల్లటి తల వెనక రెండు నల్లగీతలు, బూడిదరంగు ఒళ్లు. మామ రాజహంస అంటాడు, మనవైపు కొందరు ఆ పేరుతో పిలిచే ఫ్లెమింగో ఇది కాదు. రెండు మూడు కిలోల బరువు, రెక్కలు చాపితే మీటరున్నర. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టి చూసినప్పుడు ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తు దాకా వెళ్లినట్టు నమోదైంది. అంత ఎత్తులో గాలి సాంద్రత మన చిలికా మీద ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. గాలి పలుచనైతే రెక్కకు పట్టు దొరకదు, ఊపిరికి ఆక్సిజన్ చాలదు. వీటి రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే రకం, అది ఒక సాయం. ఇంకో సంగతి 2015లో తెలిసింది. ఇవి ఒకసారి పైకెక్కి అదే ఎత్తులో పోవట. కొండ దిగితే తామూ దిగుతాయి, కొండ ఎక్కితే మళ్లీ ఎక్కుతాయి. అనవసరంగా ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది గానీ, కింది గాలి చిక్కన కాబట్టి మొత్తం మీద అదే తక్కువ ఖర్చు.

రెండో చలికాలం జనవరిలో ఒక రోజు ఇరవైకి పైగా బాతులు మా పడవకు పక్కగా, పెద్ద ఎత్తు లేకుండా పోయాయి. ఆ నిమిషంన్నర కోసమైనా ఈ 11,800 చెల్లు. ముందున్నది రెక్క కొట్టింది, దాని వెనకది అదే క్షణంలో కొట్టలేదు, ఒక పిసరు ఆలస్యంగా కొట్టింది. దాని వెనకది ఇంకొంచెం ఆలస్యంగా. వరుస పొడవునా ఒక అల పాకుతున్నట్టు కనబడింది. మా అమ్మాయి నా చేతిలోంచి లాక్కుని, కంటి గొట్టానికి ఫోను ఆనించి స్లో మోషన్‌లో తీసింది. ఇంటికి వచ్చి లెక్కపెడితే సెకనుకు దాదాపు నాలుగుసార్లు రెక్క ఆడుతోంది. ఆ చిన్న ఆలస్యం ఎందుకో అర్థం చేసుకోవడానికి నాకు మా కొట్టులోని కూలర్ ఫ్యాను పనికొచ్చింది.

ముందు మామూలు సీలింగ్ ఫ్యాను. రెక్క అంటే ఏటవాలుగా వంచిన రేకు. తిరిగేటప్పుడు గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. పక్షి రెక్కయినా, విమానం రెక్కయినా మూలం ఇదే. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ మళ్లించడంలోనే రెక్క కింద ఒత్తిడి పెరుగుతుంది, పైన తగ్గుతుంది. రెక్క పైభాగం పొడవు ఎక్కువ కాబట్టి గాలి రెండువైపుల నుంచీ ఒకేసారి చివరకు చేరడానికి పైన వేగంగా పరుగెత్తుతుందని మాకు బడిలో చెప్పారు. మా అమ్మాయి పుస్తకంలోనూ అలాగే ఉంది. అది తప్పు. ఒకేసారి చేరాలన్న నియమం గాలికి లేదు. నిజానికి పై గాలి ముందే చేరుతుంది. పైగా సీలింగ్ ఫ్యాను రెక్క ఒకే మందం రేకు, పైనా కిందా పొడవు ఒకటే. అయినా గాలి తోస్తూనే ఉంది కదా. ఈ మాట చెప్పినప్పుడు మా అమ్మాయి తలెత్తి కొట్టులోని ఫ్యానును చాలాసేపు చూసింది.

వాలు ఎంత ఉండాలన్నది ఇంకో లెక్క. పిల్లలు రెక్క పట్టుకుని వేలాడితే వంపు చదునైపోతుంది. అప్పుడు ఫ్యాను జోరుగా తిరుగుతుంది, గాలి రాదు. పోనీ అని బలంగా ఎక్కువ వంచేస్తే మోటారు బరువెక్కి వేడెక్కుతుంది, గాలి మళ్లీ రాదు, చప్పుడు వస్తుంది. రెక్క పైభాగాన్ని అంటుకుని జారాల్సిన గాలి ఊడిపోయి చిందరవందర అవుతుంది. విమానంలో దీన్నే స్టాల్ అంటారు. బాతు నీటి మీద దిగేటప్పుడు కావాలని ఆ అంచు దాకా పోతుంది. రెక్కలు నిలువుగా ఎత్తి, తోక విప్పి, పాదాలు ముందుకు చాపుతుంది. అప్పుడు రెక్క ముందంచున బొటనవేలు ఉండాల్సిన చోట చిన్న ఈకల గుత్తి ఒకటి లేస్తుంది. గాలి ఊడిపోకుండా ఇంకాస్సేపు అంటిపెట్టుకునేలా చేసేది అదే. దిగేటప్పుడు విమానం రెక్క ముందంచు నుంచి జారి వచ్చే పలకలు చేసే పనీ అదే. 8×42లో ఆ గుత్తి నాకు మూడుసార్లు స్పష్టంగా కనబడింది. మామూలు కంటికి కనబడదు.

ఇప్పుడు కూలర్ ఫ్యాను. దాని చుట్టూ రింగు ఉంటుంది చూశారా? రెక్క కొసకూ రింగుకూ మధ్య సందు ఎంత తక్కువైతే గాలి అంత బాగా వస్తుంది. రింగు తీసేస్తే అదే మోటారు, అవే రెక్కలు, గాలి మాత్రం తగ్గిపోతుంది. తోసిన గాలి కొస పక్కనుంచి వెనక్కి పొర్లిపోతుంది కాబట్టి. పక్షికి రింగు లేదు. రెక్క కింది గాలి ఒత్తిడి ఎక్కువ, పైది తక్కువ, కొస దగ్గర కింది గాలి పక్కనుంచి పైకి పొర్లుతుంది. పక్షి ముందుకు పోతూంటే ఆ పొర్లిన గాలి దాని వెనక తాడు పేనినట్టు సుడిగా మిగిలిపోతుంది. ఆ సుడికి లోపలి పక్క, అంటే పక్షి వీపు వెనక, గాలి కిందికి దిగుతుంది. బయటి పక్క పైకి లేస్తుంది. వెనక వచ్చే బాతు సరిగ్గా ముందుదాని వెనక ఉంటే దాని నెత్తిన దిగే గాలి పడుతుంది, కష్టం పెరుగుతుంది. కొంచెం పక్కకు జరిగి, ఒక రెక్క కొసను ఆ లేచే గాలిలో పెట్టుకుంటే ఊరికే కొంత బలం దొరుకుతుంది. అందరూ అలా పక్కకు జరిగి నిలబడితే ఏర్పడేదే ఆ బాణం మొన. ఏ గాలి అని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదన్నమాట. ముందు నుంచి ఎదురొచ్చే గాలి కాదు, ముందు పోయినవాడు వదిలేసిన గాలి.

మరి ఆలస్యం? రెక్క కిందికీ పైకీ ఆడుతూంటుంది కాబట్టి కొస వదిలే సుడి కూడా తిన్నగా ఉండదు, అలలాగ ఉంటుంది. వెనక పక్షి ఆ అల దారినే తన కొసను నడపాలి. ముందుది వెళ్లిన చోటికి తను చేరేసరికి కొంత సమయం పడుతుంది, అందుకే దాని రెక్క అంత ఆలస్యంగా ఆడుతుంది. ఇది నా ఊహ కాదు. 2014లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు ఐబిస్ అనే పొడుగు ముక్కు పక్షులు పద్నాలుగింటి వీపులకు చిన్న పరికరాలు కట్టి కొలిచిన లెక్కలు బయటపెట్టారు. వాటిని మనుషులే పెంచారు. ఆస్ట్రియా నుంచి ఇటలీకి దారి నేర్పడానికి, పెంచిన మనిషి చిన్న విమానంలో ముందు ఎగిరితే పక్షులు వెనక పోయాయి. పక్కన ఉన్నప్పుడు ముందుదాని కొస దారిని తమ కొసతో అనుసరించాయి. అనుకోకుండా సరిగ్గా వెనక్కి వస్తే మాత్రం తాళం మార్చి, దిగే గాలి దెబ్బ తగ్గేలా కొట్టాయి. 2001లో వచ్చిన పరిశోధనలో పెలికాన్ల గుండె కొట్టుకోవడం కొలిచినప్పుడు, ఒంటరిగా ఎగిరేదాని కంటే వరుసలో ఎగిరేవాటికి 11 నుంచి 14 శాతం తగ్గింది.

ఈ సంగతులు మామకు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ముందుదానికే కష్టం బాబూ. పెద్దవల లాగేటప్పుడు ముందున్నోడు అలిసిపోతే వెనక్కి వస్తాడు, వెనకోడు ముందుకు పోతాడు. ఇవీ అంతే" అన్నాడు. ఆయన అన్నది నిజమే. ఐబిస్‌ల మీద 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో, జంటలుగా ఉన్నవి ఒకదానికొకటి చోటు మార్చుకుంటూ, ముందుండే సమయాన్ని దాదాపు సమంగా పంచుకున్నట్టు తేలింది. ఏ పరికరం లేకుండా మామ నలభై ఏళ్లుగా చూసి తెలుసుకున్నాడు.

గుంపుగా ఎగిరితే చాలు లాభమే అనుకోకండి. మా వీధి పావురాలు ముద్దగా ఎగురుతాయి, వాటికి గుంపులో ఎగరడం ఇంకా ఖర్చు. 2011లో వచ్చిన పరిశోధనలో కొలిస్తే గుంపు దగ్గరయ్యేకొద్దీ పావురాలు రెక్క ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చింది. డేగ భయానికి అవి ఆ ఖర్చు పెట్టుకుంటాయేమో.

విమానాల సంగతికొస్తే, ఆ సుడి వాటికి మొదట ప్రమాదం. పెద్ద విమానం దిగాక చిన్నది వెంటనే దిగకుండా దూరం పాటించేది అందుకే. రెక్క చివర పైకి వంచిన చిన్న రెక్కలు మీరు చూసే ఉంటారు, కొస పక్కనుంచి పొర్లే గాలి నష్టాన్ని తగ్గించేవి. నా లెక్కలో అది కూలర్ రింగుకు దూరపు చుట్టం. గద్ద రెక్క కొస ఈకలు చేతివేళ్లలా విడివిడిగా ఉండడం కూడా ఆ నష్టం తగ్గించడానికే. 2021 నవంబరులో విమానాలు తయారుచేసే ఎయిర్‌బస్ కంపెనీ రెండు ఏ350 విమానాలను ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి కెనడాలోని మాంట్రియల్‌కు బాతుల్లాగ పంపింది. వెనకది ముందుదానికి మూడు కిలోమీటర్ల దూరంలో, లేచే గాలిలో ఉండేలా పోయింది. ఇంధనం 5 శాతానికి పైగా ఆదా కావచ్చని ఆ ప్రయాణంలో తేలింది. మన వైమానిక దళంలో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు తొమ్మిది హాక్ విమానాలు రెక్కలు తగులుతాయేమో అన్నంత దగ్గరగా ఎగురుతాయి. అది ఇంధనం కోసం కాదు, పైలట్ల నేర్పు చూపడానికి.

బార్ హెడెడ్ గూస్ లేని రోజుల్లో కూడా ఈ బైనాక్యులర్ ఖాళీగా ఉండదు. నీళ్ల మీంచి లేచే తీరు చూడండి. సూదితోక బాతు నిలుచున్న చోటి నుంచే నిట్టనిలువుగా ఎగురుతుంది. మునిగి తినే బాతులకు కాళ్లు వెనక్కి ఉంటాయి, ఒంటి బరువుకు రెక్కలు చిన్నవి, అందుకే అవి నీటి మీద పరుగెత్తి వేగం అందుకున్నాకే లేస్తాయి. ఫ్లెమింగో కూడా పరుగెత్తాల్సిందే. నలుపూ తెలుపూ లకుముకి మాత్రం ఒకే చోట గాలిలో నిలబడి రెక్కలాడిస్తుంది. ఒళ్లంతా ఊగుతున్నా తల అంగుళం కదలదు. దాన్ని ఈ అద్దంలో చూస్తూ మా అమ్మాయి ఊపిరి బిగబట్టింది.

ఇక లోపాలు. తాడు సన్నది, ముప్పావు కిలో బరువుకు రెండు గంటల్లో మెడ కోస్తుంది. 350 పెట్టి వెడల్పు తాడు కొన్నాను. ముందు అద్దాల మూతలు వదులు, ఒకటి మొదటి నెలలోనే చిలికాలో పడిపోయింది. రెండో ఏడాదికి ఎడమ కంటి కప్పు తిప్పితే నిలబడడం మానేసింది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు దాన్ని కిందికే ఉంచుతారు కాబట్టి నాకు ఇబ్బంది లేదు, అమ్మాయికి ఉంది. సర్వీసుకు పంపితే ఆరు వారాలు పట్టింది, బాగుచేయకుండానే తిరిగి వచ్చింది. ఫోను చేస్తే సరైన సమాధానం లేదు. ఈ విషయంలో నాకు నిజంగా కోపంగా ఉంది. అయిదు రూపాయల ప్లాస్టిక్ రింగు అది. నేనే బిగించుకున్నాను.

అద్దాలు మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. లోపల నైట్రోజన్ నింపి మూసిన రకం, చలి మంచులోనూ లోపల ఆవిరి పట్టలేదు. ఒకసారి కెరటం పూర్తిగా తడిపేసింది, ఏమీ కాలేదు. ఉప్పునీళ్లు తగిలాక మంచినీళ్లు పోసి, ఉప్పు కరిగాకే మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు మీదే తుడిస్తే అద్దం గీసుకుపోతుంది. అయిదుకు నాలుగు ఇస్తాను, తగ్గిన ఒకటి సర్వీసుకు.

కిందటి ఫిబ్రవరిలో మామ చేతికిచ్చాను. అన్నేళ్లు చిలికా మీద బతికిన మనిషి, అద్దంలో ఎప్పుడూ చూడలేదట. ఒక వరుస వస్తూంటే గెడ పడవలో పడేసి రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇరవై మూడు. ఎడమ పక్క ఒకచోట ఖాళీ ఉంది" అన్నాడు. కాసేపాగి, "వెనకది జరిగి పూడ్చేసింది" అన్నాడు. ఒడ్డు చేరేదాకా తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఈ నవంబరుకి ఆయన కోసం రెండోది ఆర్డర్ పెట్టాను, అదే 8×42. వెడల్పు తాడు ముందే కొని ఉంచాను. వచ్చిన రోజే కొట్టు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం మీద పెట్టి చూస్తాను.